అమ్మమ్మ వేలు, ఫెబా నంబరు

"ఫెబా, మీ అమ్మమ్మగారు వచ్చారు. ఓసారి బయటికి వెళ్లు," అన్నారు ఉమామహేష్ సార్.

లెక్కల క్లాసు సగంలో ఉంది. ఫెబా చేతిలో పెన్నుతోనే వరండాలోకి వచ్చింది.

అమ్మమ్మ ఆరోగ్యమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె చంకలో నాలుగేళ్ల తమ్ముడు కెన్నీ. వాడి గడ్డం కింద తువ్వాలు అదిమి పట్టింది. తువ్వాలు మీద రక్తం.

"మెట్ల మీద పడ్డాడమ్మా. ఈ బడికి ఎదురుగా ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాను. కుట్లు ఎయ్యాలంట. ఈడికి ఏ మందు పడదో అడగతన్నారు. ఏదో పడదని మీ అమ్మ సెప్పింది గానీ పేరు గుర్తు లేదు. ఫోన్ సేద్దామంటే ఇది తెరుసుకోడం లేదు," అంటూ అమ్మమ్మ ఫోన్ అందించింది.

ఫెబా ఫోన్ అందుకుంది. ఆ ఫోన్‌కి లాక్ పెట్టింది తనే.

మల్కాపురంలో వాళ్ల వీధిలో ఎవరు కొత్త ఫోన్ కొన్నా ముందు ఫెబానే పిలుస్తారు. నిన్న చర్చి నుంచి రాగానే ఫెబా అమ్మమ్మ కొత్త ఫోన్ పట్టుకుని కూర్చుంది. అమ్మమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. ఉప్పుతో ఆమె వేళ్లు గరుకెక్కిపోయాయి. బొటనవేలిని మళ్లీ మళ్లీ పెట్టించాక గానీ ఫోన్ దాన్ని గుర్తుపట్టలేదు. తోడుగా తన వేలు కూడా ఎక్కించింది ఫెబా.

వేలితో పాటు ఒక నంబరు కూడా పెట్టమంది ఫోన్. ఫెబా తనకి తోచిన నంబరు పెట్టేసింది.

"ఆ నంబరేటే?" అని అడిగింది అమ్మమ్మ.

"నీకెందుకమ్మమ్మా? నాకు తెలుసు కదా. వేలు పెడితే చాలు, దాంతో పనే ఉండదు," అంది ఫెబా.

నిన్న సాయంత్రమంతా అది నిజమే అయింది. అమ్మమ్మ వీధరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లందరికీ వేలు పెట్టి ఫోన్ తెరిచి చూపించింది. "మా మనవరాలు పెట్టింది," అని ప్రతిసారీ చెప్పింది. ఫెబా పక్కనే తల ఎత్తుకుని నిలబడింది.

ఇప్పుడు ఆ ఫోన్ నల్లగా, మొండిగా ఉంది. ఫెబా తన వేలు పెట్టింది. తెరుచుకోలేదు.

"సేపలు కడుగుతుంటే ఈడు పడ్డాడు. తడి సేత్తోనే ఏలు ఎట్టాను. ఎన్నిసార్లు ఎట్టానో," అంది అమ్మమ్మ.

వెనకాలే వచ్చిన ఉమామహేష్ సార్ తొంగిచూశారు. "తడి వేలిని గుర్తుపట్టడం కష్టం. అన్నిసార్లు తప్పితే ఇక ఏ వేలినీ ఒప్పుకోదు. నంబరే కొట్టాలి. ఎవరికి తెలుసు?"

"నాకు," అంది ఫెబా.

"ఇంకెవరికి?"

ఫెబా గబగబా నంబరు కొట్టింది. ఫోన్ తెరుచుకుంది. అమ్మ దీనాకి కలిపింది. అమ్మ పరవాడలో మందుల కంపెనీలో పనిచేస్తుంది. ఆమె వెంటనే ఎత్తి, కంగారు పడుతూనే మందు పేరు ఒక్కో అక్షరం చెప్పింది. ఫెబా అరచేతిలో రాసుకుంది.

సార్ అనుమతి ఇచ్చారు. కెన్నీని ఎత్తుకుని అమ్మమ్మ, ఫెబా రోడ్డు దాటి ఆస్పత్రికి పరుగెత్తారు.

నర్సు ఫెబా అరచెయ్యి చదివింది. "చెప్పడం మంచిదైంది. మామూలుగా ఈ మందే రాస్తాం. వీడికి వేరేది ఇద్దాం," అంది.

కుట్లు పడుతున్నంతసేపూ కెన్నీ ఫెబా వేలు వదల్లేదు. అంతా అయ్యాక అమ్మమ్మ నర్సుతో అంది, "మా మనవరాలమ్మా. మా ఈధిలో ఫోన్లన్నీ దీని సేతిలోనే ఉంటాయి."

నిన్నయితే ఆ మాటకి ఫెబా పొంగిపోయేది. ఇవాళ తల దించుకుంది.

"నంబరు నీకు చెప్పాల్సింది అమ్మమ్మా. నాకొక్కదానికే తెలియాలని దాచుకున్నాను."

అమ్మమ్మ ఆమె తల నిమిరింది. "నానూ గట్టిగా అడగలేదు కదే. ఇంటికెళ్లి సూద్దాం పద."

సాయంత్రం అమ్మమ్మ చేతులు సబ్బుతో కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని కూర్చుంది. ఉప్పు అంతగా తగలని ఎడమచేతి చిటికెనవేలిని ఫెబా కొత్తగా ఎక్కించింది. ఫోన్ చప్పున గుర్తుపట్టింది. తర్వాత ఫెబా పాత నంబరు తీసేసి, ఫోన్ అమ్మమ్మ చేతిలో పెట్టింది.

"ఇప్పుడు నీకు నచ్చిన నంబరు కొట్టు. మర్చిపోనిది. అమ్మకి చెప్పు. నాకు చెప్పక్కర్లేదు."

"తప్పు కొడితేనో?"

"మళ్లీ కొట్టొచ్చు."

ఫెబా కిటికీ వైపు తిరిగి నిలబడింది. వెనక టిక్కు, టిక్కు అని చప్పుడు. తర్వాత "అయ్యో" అన్న మాట వినిపించింది. వెనక్కి తిరిగి తనే కొట్టేద్దామని ఫెబా చేతులు ఉబలాటపడ్డాయి. రెండు చేతులూ కట్టుకుంది. దూరంగా పోర్టులో క్రేన్లు కదులుతున్నాయి. వాటినే చూస్తూ ఉండిపోయింది.

టిక్కు. టిక్కు.

"తెరుసుకుందే," అంది అమ్మమ్మ.

ఆమె లేచి వీధిగుమ్మంలోకి వెళ్లింది. అమ్మకి ఫోన్ కలిపి, నలుగురికీ వినపడేలా మాట్లాడింది.

"దీనా, నానే. కెన్నీ పడుకున్నాడు. ఒలే, ఇది ఇను ముందు. ఈ ఫోన్ ఎవుల్నీ అడక్కుండా నానే తెరిసాను."

కిటికీ దగ్గర ఫెబా ఇంకా అటే తిరిగి ఉంది. ముఖం నిండా నవ్వుతో.