మర్యాద పొర

ధరణి తిట్టింది. హాలంతా చప్పట్లు కొట్టింది.

ఆమెకు మొదట అర్థం కాలేదు. "ఈ యూనివర్సిటీలో నాలుగేళ్లు నన్ను మెట్ల మీద చక్రాల కుర్చీతో సహా ఈడ్చుకెళ్లారు. లిఫ్ట్ పెట్టండని అడిగితే 'నీ ఒక్కదాని కోసమా' అన్నారు. అలా అన్నవాళ్లు ఇప్పుడు ముందు వరసలో కూర్చుని ఉన్నారు, సిగ్గు లేకుండా" అంది. ఆ ముందు వరసలోని పెద్దమనుషులు కళ్లజోళ్లు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఒకాయన లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు.

విశాఖపట్నంలో సముద్రం పాత బీచ్ రోడ్డును మింగేసి, నగరం కొండల వైపు జరిగిపోయిన కాలం అది. మిగిలిన ఊరిని కాపాడటానికి తీరం పొడవునా గోడ కడుతున్నారు. ఆ గోడ డిజైన్ విభాగంలో ధరణి ఇంజనీరు. ఆ రోజు తను చదువుకున్న యూనివర్సిటీలో పూర్వ విద్యార్థుల సభ. వైకల్యంతో పైకొచ్చినవాళ్లూ, విదేశాల్లో చదివొచ్చినవాళ్లూ తమ ఉద్యోగ ప్రయాణం గురించి ఇప్పటి విద్యార్థులకు చెప్పాలి. ధరణి రెండు కోవల్లోనూ ఉంది కాబట్టి ఆమెను అందరికంటే ముందు పిలిచారు.

ఆమెకు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. బుర్ర పాదరసం. కానీ కాళ్లూ, నాలుకా, దవడా ఆమె మాట వినవు. "నీళ్లు" అనబోతే "ఈ...యు" అని వస్తుంది. అలవాటైనవాళ్లకు అది నీళ్లే. నెదర్లాండ్స్‌లో సముద్రపు గోడల మీద ఎం.ఎస్. చేసినప్పుడు, కొద్ది వారాలకే క్లాసులో అందరికీ అలవాటైపోయింది. అర్థం కాకపోతే మళ్లీ అడిగేవాళ్లు. ఆమె మళ్లీ చెప్పేది. అంతే. తిరిగొచ్చాక ఇక్కడి ఇంటర్వ్యూల్లో మాత్రం ఆమె నోరు తెరవగానే బోర్డు సభ్యులు వాళ్లమ్మ వైపు తిరిగి, "అమ్మాయి ఏమంటోందమ్మా?" అని అడిగేవాళ్లు. ఏ ఇంటర్వ్యూలోనూ రెండో ప్రశ్న రాలేదు.

ఉద్యోగం వచ్చింది 'స్పష్ట' వల్ల. అది ఇదే యూనివర్సిటీలో పనిచేసే డాక్టర్ కృపాకర్ కనిపెట్టిన యంత్రం. మెడకు చుట్టుకునే మెత్తటి పట్టీ. మాట్లాడాలనుకున్నప్పుడు మెదడు నాలుకకీ దవడకీ పంపే సన్నటి విద్యుత్ సంకేతాలను పట్టీలోని సెన్సర్లు చదువుతాయి. కండరం తప్పినా, సంకేతం తప్పదు. దాన్ని బట్టి ఒక చిన్న చిప్ మాటను పోల్చుకుంటుంది. పట్టీకున్న స్పీకర్ ఆ మాటను తేటగా పలుకుతుంది.

దీంట్లో ఒక చిక్కుంది. తన మాట తనకే అర సెకను ఆలస్యంగా వినిపిస్తే ఎంతటి వక్తయినా తడబడిపోతాడు. అందుకని స్పీకర్ గొంతు వాడే మనిషికి వినబడకుండా చెవుల్లో రెండు ప్లగ్గులు పెట్టారు. మిగతా లోకమంతా వినిపిస్తుంది, స్పష్ట గొంతు తప్ప. సభల వీడియోలు చూసుకునే అలవాటు ధరణికి లేదు. తెర మీద తన దవడ వంకర తిరగడం చూడటం ఆమెకు ఇష్టం ఉండదు. అలా, లోకానికి తన తరఫున పలికే గొంతును ఆమె ఒక్కసారి కూడా వినలేదు.

వేదిక మీద ఆమె పక్కన కూర్చున్నది జుబేర్. ఆమె బ్యాచ్‌మేట్. పుట్టు చెవిటివాడు, జర్మనీలో చదివి ఇప్పుడు ఓడలు డిజైన్ చేస్తున్నాడు. ఎవరేం మాట్లాడినా అక్షరాల్లో చూపించే టాబ్లెట్ అతని ఒళ్లో ఉంది. కాలేజీ రోజుల్లో ఇద్దరూ ఫోన్లలో రాసుకుంటూ గంటల కొద్దీ కబుర్లు చెప్పుకునేవాళ్లు. ధరణి ఎలాంటి మనిషో అతనికి బాగా తెలుసు. చప్పట్లు మోగుతుండగా అతను కనుబొమలు ఎగరేసి, టాబ్లెట్‌ను ఆమె వైపు తిప్పాడు.

అందులో ఇలా ఉంది: "ఈ యూనివర్సిటీలో గడిపిన నాలుగేళ్లు నాకు ఓర్పు నేర్పాయండి. మెట్లెక్కేటప్పుడు ఎందరో చేయందించారు. వాళ్లు ఈరోజు ముందు వరసలో కూర్చోవడం నా అదృష్టం."

ధరణి రెండుసార్లు చదివింది.

"ఇది అబద్ధం," అంది.

టాబ్లెట్ మీద అక్షరాలు కదిలాయి: "ఇది నమ్మలేని అనుభూతి అండి."

"దొంగల్లారా!"

"మిత్రులారా!"

హాలు మళ్లీ చప్పట్లతో హోరెత్తింది.

ఆమె కుర్చీ తిప్పుకుని వేదిక వెనక్కి వెళ్లిపోయింది. భావోద్వేగం తట్టుకోలేకపోయారని యాంకర్ మైకులో చెప్పడం వినిపించింది. తెర వెనుక కృపాకర్ ఉన్నాడు. తన యంత్రం గురించి చివర్లో ఆయనా మాట్లాడాలి. ధరణి మొహం చూసి ఆయన లేచి నిలబడ్డాడు.

ఆమె చెవుల్లోని ప్లగ్గులు పీకి ఒళ్లో పడేసింది. "ఏం చేశావు నన్ను?" అంది.

అర సెకను తర్వాత, తన మెడ దగ్గర్నుంచే, తేనె పూసినట్టున్న ఒక ఆడగొంతు పలికింది: "నా కోసం మీరు ఎంతో చేశారు సార్."

ఆ గొంతు వినడం ఆమెకు అదే మొదటిసారి. ఒళ్లంతా తేళ్లు పాకినట్టయింది. కృపాకర్ జేబులోంచి ఫోన్ తీసి ఏదో నొక్కాడు. "ఇప్పుడు మాట్లాడమ్మా. ఉన్నదున్నట్టు వస్తుంది."

"ఏం చేశావు నన్ను?" ఈసారి ఆ గొంతు అదే ప్రశ్న అడిగింది.

"దాన్ని మేం మర్యాద పొర అంటాం," అన్నాడు కృపాకర్. "మొదటి మోడల్లో అది లేదు. ఏ మాటకా మాట పలికేది. ఏమైందో తెలుసా? దాన్ని వాడినవాళ్లలో సగం మందికి ఉద్యోగాలు రాలేదు. వచ్చినవాళ్లవి నిలవలేదు. పొగరన్నారు, నోటి దురుసన్నారు. కుంటివాడైనా మూగవాడైనా జనం సర్దుకుంటారు ధరణీ. వాడికి కోపం కూడా ఉంటే మాత్రం భరించలేరు. అందుకని మూడేళ్ల కిందట ఒక అప్‌డేట్‌లో ఈ పొర కలిపాం. మాట అదే, కాస్త మెత్తబడుతుంది. నీకు ప్రమోషన్ వచ్చింది ఆ తర్వాతే."

"నన్ను అడిగావా?"

"ఒప్పందంలో ఉంది. 'సంభాషణ మెరుగుదల' అని. నువ్వు సరే అని నొక్కావు."

"నేను సరే అన్నది మాట స్పష్టంగా రావడానికి. మాట మారడానికి కాదు." ఆమె కుర్చీని ఆయన మోకాళ్లకు తగిలేంత దగ్గరికి తెచ్చింది. "మూడో సెక్షన్ మీటింగ్‌లో నేనేం అన్నాను?"

కృపాకర్ మొహంలో రంగు మారింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. రెండేళ్ల కిందట సముద్రపు గోడ మూడో సెక్షన్ అమావాస్య పోటుకి కూలిపోయింది. కింద పనిచేస్తున్న సింహాచలం, అప్పన్న అనే ఇద్దరు కూలీలు పోయారు. దానికి కొద్ది రోజుల ముందే ధరణి మీటింగ్‌లో హెచ్చరించింది. హెచ్చరించానని విచారణలోనూ చెప్పింది. కానీ ఆ సెక్షన్ చూసే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పరశురాం, "మేడం ఏదో సలహా ఇచ్చారు గానీ పని ఆపమనలేదు సార్" అని సాక్ష్యం చెప్పాడు. ఆ మాటతో ధరణి మండిపోయింది. అబద్ధాలకోరని మొహం మీదే అంది. ఆ రోజు నుంచీ అతనితో మాట్లాడలేదు. క్యాంటీన్‌లో అతను కనిపిస్తే కుర్చీ అటు తిప్పుకునేది.

"ఆ రికార్డింగు నీ దగ్గర ఉంటుంది. వినిపించు."

"ఇప్పుడెందుకమ్మా..."

"వినిపించు!"

కృపాకర్ ఫోన్‌లో వెతికాడు. యంత్రానికి పాఠం నేర్పడానికని వాడేవాళ్ల మాటలన్నీ దాచి ఉంచేవాళ్లు. ముందు ఆమె అసలు మాటలు వచ్చాయి: "పునాది కింద ఇసుక కదులుతోంది. అమావాస్య పోటుకి ఈ గోడ పడిపోతుంది. కింద ఉన్నవాళ్లని ఇవాళే పైకి పిలిపించండి. లేకపోతే చస్తారు."

తర్వాత ఆ రోజు మీటింగ్‌లో అందరూ విన్న మాటలు వచ్చాయి: "పునాది కింద ఇసుక విషయం వీలు చూసుకుని ఒకసారి పరిశీలిస్తే బాగుంటుందండి. అమావాస్య పోటు కూడా దృష్టిలో పెట్టుకుంటే మంచిదేమో. కింద పనిచేస్తున్నవాళ్లు మన కోసం చాలా కష్టపడుతున్నారు."

అవతల వేదిక మీద ఎవరో విదేశాల్లో తను పడ్డ చలి కష్టాలు చెప్తుంటే జనం నవ్వుతున్నారు.

అంటే పరశురాం నిజమే చెప్పాడు. రెండేళ్లు తను అసహ్యించుకున్న మనిషి, విన్నది విన్నట్టు చెప్పాడు.

"ఇది నాకు తెలియదు," అన్నాడు కృపాకర్. "ఒట్టు. నేను ఉద్యోగాల గురించే ఆలోచించాను. ప్రమాదం చెప్పాల్సి వస్తుందని, అది కూడా మెత్తబడుతుందని..."

"నువ్వు ఆలోచించలేదు. మాకూ ప్రాణం మీదికొచ్చే విషయాలు చెప్పే పని ఉంటుందని నీకు తట్టలేదు. ఇంటర్వ్యూలో నవ్వితే చాలనుకున్నావు. రేపటిలోగా అందరికీ ఆ పొర తీసెయ్. లేకపోతే సింహాచలం భార్యను తీసుకొచ్చి నీ ఇంటి ముందు ఈ రికార్డింగు పెడతాను."

అక్కడి నుంచి తిన్నగా వేదిక మీదికి వెళ్లింది. మైకు కోసం ఆగలేదు. "నేను ఇందాక చెప్పింది మీరు విన్నది కాదు. మిమ్మల్ని దొంగలన్నాను. ఇప్పుడూ అంటున్నాను. మెట్ల మీద ఈడ్చుకెళ్లినవాళ్లకు నేను రుణపడి లేను," అంది. ఆమె మాటలు ఈసారి ఉన్నవి ఉన్నట్టు వినిపించాయి. హాలు కిక్కురుమనలేదు. యాంకర్ పరుగెత్తుకొచ్చి, "చిన్న సాంకేతిక లోపం, క్షమించాలి" అని నవ్వుతూ చెప్పి, తర్వాతి వక్తను పిలిచింది. జుబేర్ ఒక్కడే టాబ్లెట్ చూసి, తల వెనక్కి వాల్చి పగలబడి నవ్వాడు.

కృపాకర్ మాట నిలబెట్టుకున్నాడు. భయమో, సిగ్గో మనకు తెలియదు. మర్నాటికల్లా స్పష్ట వాడే ప్రతి ఒక్కరి పట్టీలోంచీ ఆ పొర పోయింది. ఏం తీసేశారో అందరికీ వివరంగా చెప్పారు కూడా.

వారం తిరక్కుండానే సర్వీస్ సెంటర్‌కి ఫిర్యాదులు మొదలయ్యాయి. మా క్లర్కు మిషన్ చెడిపోయింది, 'మీ జాలి మీ దగ్గరే పెట్టుకోండి' అంటోంది, వెంటనే బాగుచేయండి అని ఒక బ్యాంకు మేనేజరు. ఇన్నాళ్లూ ఏం చెప్పినా 'సరేనండీ' అనే మా కోడలు ఇప్పుడు 'నావల్ల కాదు' అంటోంది, వారంటీ ఉందా అని ఒక మామగారు. పిల్లవాడు పాఠంలో తప్పు పట్టుకుంటున్నాడని ఒక స్కూలు. కృపాకర్ ధరణికి ఫోన్ చేశాడు.

"అన్నీ వినేవాళ్ల ఫిర్యాదులే అమ్మా," అన్నాడు. "వాడేవాళ్లు ఒక్కరూ చెయ్యలేదు. ఆ పొర మళ్లీ పెట్టమని మా బోర్డు ఒత్తిడి చేస్తోంది. పైగా పెద్ద పెద్ద కంపెనీలు అడుగుతున్నాయి, మాట బాగా వచ్చే ఉద్యోగులకు కూడా ఆ పట్టీ తగిలించొచ్చా అని."

ధరణి ఫోన్ పెట్టేసింది. ఆ పూట ఆమెకు మీటింగ్ ఉంది.

ఈసారి ఐదో సెక్షన్. పరశురాం బదిలీ మీద అక్కడికే వచ్చాడు. చీఫ్ ఇంజనీరు నరసింగరావు అధ్యక్షత. ధరణి మొదటి ముక్కలోనే అసలు విషయం చెప్పింది. "మూడో సెక్షన్ కింద ఉన్న ఇసుకే ఇక్కడా ఉంది. ఇదీ పడిపోతుంది. పని ఆపండి. మనుషుల్ని పైకి తీసుకురండి."

గదిలో ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నరసింగరావు ఎంతో సౌమ్యంగా నవ్వాడు. "మేడం, మీ మిషన్‌కి ఏదో ప్రాబ్లం వచ్చిందని విన్నాం. కాస్త దురుసుగా మాట్లాడుతోందట. సర్వీసింగ్‌కి ఇచ్చి రండి. బాగయ్యాక తీరిగ్గా మాట్లాడుకుందాం."

"మిషన్ బాగానే ఉంది. ఆపండి అంటున్నాను."

"చూశారా," అన్నాడాయన పక్కనున్నవాళ్లతో. "పాపం."

ధరణి మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చింది. వేళ్లు ఆమె మాట వినలేదు. తంటాలు పడి పట్టీ ఊడదీసి బల్ల మీదికి విసిరింది. అది జారుకుంటూ వెళ్లి చీఫ్ ఇంజనీరు టీ కప్పుకి తగిలింది.

తర్వాత తన సొంత గొంతుతో అరిచింది. "ఆ... అం... ఇ!"

కొందరు తల దించుకున్నారు. ఒకాయన నీళ్లు కావాలేమో చూడమని అటెండర్‌కి సైగ చేశాడు. పరశురాం ఒక్కడూ తన కుర్చీలోంచి లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. మర్యాద పొర సంగతి పేపర్లో అతనూ చదివాడు. విచారణలో తను చెప్పిన మాట గురించి అప్పట్నుంచీ నిద్ర పట్టలేదతనికి.

"మళ్లీ చెప్పండి మేడం," అన్నాడు.

ఆమె మళ్లీ చెప్పింది. అతను ఆమె పెదవుల వంకే చూస్తూ విన్నాడు.

"ఆపండి. అంతేనా?"

ఆమె తల ఊపింది.

పరశురాం ఫోన్ తీసి సైట్‌కి కలిపాడు. "అందర్నీ పైకి పిలిచెయ్. పనిముట్లు వదిలెయ్యండి, మనుషులు రండి. ఇప్పుడే," అన్నాడు.

"ఎవరి ఆర్డరయ్యా ఇది?" నరసింగరావు లేచాడు. ఆయన నవ్వు ఎటో పోయింది. "మిషన్ కూడా లేకుండా ఆవిడేదో అంటే..."

"సెక్షన్ నాది సార్. నేనే ఆపుతున్నాను. సస్పెండ్ చేస్తే చేసుకోండి." పరశురాం గొంతు పెద్దదైంది. తర్వాత అతను ధరణి వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లున్నాయి. "ఇన్నాళ్లకు మీరు చెప్పింది నాకు వినిపించింది మేడం."

ధరణి ఏదో అంది. అతనికి అర్థం కాలేదు.

"మళ్లీ చెప్పండి."

ఆమె మళ్లీ అంది. ఈసారీ అతనికి అంతుపట్టలేదు. చెవి ఇంకా దగ్గరికి తెచ్చాడు. "ఏమనుకోకండి, ఇంకొక్కసారి."

ఆమె ఊపిరి కూడదీసుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ దవడతో యుద్ధం చేసి బయటికి నెట్టింది. గదిలో అందరికీ అర్థమైంది.

"సింహాచలానికి వినిపించలేదు."