రాగిరేకు పడ్డ లోయ

తేనె నింపే పాత సొరకాయ బుర్రకు పట్టిన మసి తుడిస్తే అడుగున గీతలు బయటపడ్డాయి. ఒక కొండ, దాని నెత్తిన జంటగా రెండు బండలు, కడుపులో నోరు తెరిచిన గుహ, పక్కన తేనెటీగ.

"దొరికిందిరా బయ్యన్నా!" ఈదన్న కేక పెట్టాడు. "తాత రేకు దాచింది జంటబండ గుహలోనే!"

గూడెం ఉన్న చోటు చెంచులదని పూర్వం కొండలేలిన దొర రాయించి ఇచ్చిన రాగిరేకు అది. గూడెం వాళ్లు అడవిని చెత్తకుప్ప చేస్తున్నారు, సోమవారంలోగా ఖాళీ చెయ్యాలని అడవి ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. రేకు చూపిస్తే ముప్పై గుడిసెలు నిలుస్తాయి. లేకపోతే లేదు.

చెత్త ఎవరిదయ్యా అంటే, ఆదివారం వస్తే చాలు, పట్నం నుంచి ఖరీదైన సైకిళ్లు బారులు తీరతాయి. అడవంటే ప్రాణమంటారు. నీళ్లు తాగి సీసా లోయలోకి, బిస్కెట్లు తిని కవరు లోయలోకి. వాళ్లకు ఏ కాగితమూ రాదు.

ఆ ఆదివారం తెల్లవారగానే బావా బామ్మర్దులు జంటబండ అంచుకు చేరారు. కింద నిట్టనిలువు కొండగోడ. పది బారల లోతులో గుహ. లోయ వైపు నుంచి ఎలుగులు పాకే చీలిక ఒకటుంది గానీ, మనిషికి మోకే గతి. ఆ మోకు పట్టేది బామ్మర్దే కావాలి. అక్క తాళి కోసమైనా వదలడని చెంచుల నమ్మకం.

"గట్టిగా పట్టరా. మీ అక్క బొట్టు నీ చేతిలో ఉంది."

"బొట్టుదేముంది బావా! నువ్వు పోతే అక్క మా ఇంట్లో దిగుతుంది. ఆ నోటికి జడిసి పట్టుకుంటా."

దిగేముందు ఈదన్న చుట్టుపక్కలంతా చూశాడు. ఒక్క చెదపుట్టా తవ్వి లేదు. రాలిన ఇప్పపూలు రాలినట్టే ఉన్నాయి.

"ఎలుగు లేదు. ఉంటే వీటిని వదిలేదా?" తండ్రి నేర్పిన గుర్తు అది. ఏనాడూ తప్పలేదు.

గాలికి ఊగుతూ, మోకాళ్లు చెక్కుకుపోతూ గుహలోకి దిగాడు. లోపల చీకటి, ముక్కు పగిలే కంపు. గోడ తడుముతూ పోతే గూడు తగిలింది. గూట్లో చల్లటి రేకు! వేళ్ల కింద అక్షరాలు కదిలాయి. ఈదన్న దాన్ని బయటికి లాగాడు.

వెనక కవర్లు గలగలమన్నాయి.

లోయలోంచి ఈడ్చుకొచ్చిన సంచుల గుట్ట మీంచి ఎలుగుబంటి లేచి నిలబడింది. మూతికి బిస్కెట్ కవరు అంటుకుని ఉంది. లోయ నిండా విస్తరి పరిచి ఉంటే దానికి చెదపురుగులెందుకు?

"లాగు! లాగరా బయ్యన్నా!"

ఎలుగు మీదికి దూకింది. ఈదన్న రేకు అడ్డం పెట్టాడు. పంజా దెబ్బకు అది చేతిలోంచి ఎగిరి, ఎండలో ఒక్కసారి మెరిసి, బండకు టంగున తగిలి లోయలో పడింది. ఆ తర్వాత చప్పుడే లేదు. పడ్డది నేల మీద కాదు మరి.

పైకొచ్చేసరికి బయ్యన్న అరచేతుల్లో తోలు లేదు.

"రేకేదీ?"

ఈదన్న కిందికి చూపించాడు.

చుట్టుదారి పట్టి లోయలోకి దిగేసరికి మధ్యాహ్నమైంది. నడుం లోతు సీసాలు, కవర్లు, పగిలిన హెల్మెట్లు. ఇద్దరూ రెండు చేతులా తోడారు. తోడిన చోటికి చెత్త మళ్లీ జారింది. పొద్దు వాలింది. రేకు లేదు.

"ఏయ్! కదలొద్దు!"

అంచు మీద అడవి గార్డు, చేతిలో ఫోను. "చెత్త పోసేది మేం కాదన్నారుగా? రేపు ఆఫీసులో ఈ ఫొటో చూసి చెప్పండి!"

"అయ్యా, మేం వెతుకుతున్నాం..." అంటూ ఈదన్న చెయ్యెత్తాడు. ఆ చేతిలో నీళ్ల సీసా ఉంది. ఫోను టక్కుమంది.

"బావా, అది పడెయ్యి," అన్నాడు బయ్యన్న మెల్లగా.

పడేస్తే, పడేస్తుండగా గార్డు ఇంకో ఫొటో తీస్తాడు. ఈదన్న సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.