వినిపించకూడని గొంతు

ఎమ్డెన్ పట్టణంలో ఆ ఉదయం కూడా వాన కురుస్తూనే ఉంది. కూతురు ఫెన్యను బడికి పంపి స్వాంత్యె తలుపు వేసుకుందో లేదో, లాయరు ఫోన్ చేసింది.

"ఆ రికార్డింగుల మీద ఆశ పెట్టుకోకండి. అవతలి మనిషికి తెలియకుండా ఫోన్ మాటలు రికార్డు చేయడమే ఇక్కడ నేరం. ఎవరికైనా వినిపిస్తే అదీ నేరమే. హెన్నింగ్ మీ మీదే కేసు పెట్టగలడు."

"మరి అతను నన్ను బెదిరించడం?"

"అదీ నేరమే. కానీ మీరు చెప్పడం తప్ప సాక్ష్యం లేదు కదా."

విడిపోయాక భర్త హెన్నింగ్ తన తల్లి ఇంట్లోనే ఉంటున్నాడు. నలుగురిలో వెన్నలాంటి మనిషి. ఫోన్‌లో మాత్రం, "పాపను ఎత్తుకుపోతాను, ఇక దాని మొహం చూడలేవు" అని అరుస్తాడు. పాప ఎవరి దగ్గర ఉండాలో వచ్చే వారమే కోర్టు తేలుస్తుంది. రుజువు చేతిలోనే ఉన్నా స్వాంత్యె నోరు కట్టేసినట్టయింది.

మధ్యాహ్నం అత్తగారు గుడ్రున్ వచ్చింది. ఇచ్చిన టీ ముట్టుకోకుండానే మొదలుపెట్టింది.

"వాడి మీద పాప మనసు నువ్వే విరిచేస్తున్నావట. వాడు కుమిలిపోతున్నాడు."

"ఫోన్‌లో నాతో ఎలా మాట్లాడతాడో తెలుసా అత్తయ్యా?"

"వాడు గొంతెత్తి ఎరగడు. వీధిలో ఎవర్నైనా అడుగు."

స్వాంత్యె వేలు ఫోన్ మీదికి వెళ్లింది. ఒక్కసారి నొక్కితే చాలు. కానీ లాయరు మాట గుర్తొచ్చి, ఫోన్‌ను సొరుగులో పెట్టి మూసేసింది.

"రికార్డు చేశాను, మీకు వినిపించలేను. కానీ ఒక్కటి చెప్పండి. అతను అరవడం మొదలుపెట్టగానే వెనకాల రేడియో మోత పెరుగుతుంది. ప్రతిసారీ. మీ వంటింటి రేడియోనే. ఎవరు పెంచుతున్నారు అత్తయ్యా?"

గుడ్రున్ టీ కప్పును పక్కకు జరిపింది.

"వాళ్ల నాన్నా ఇలాగే అరిచేవాడు," అంది. "పక్కింటివాళ్లకు వినబడకూడదని అప్పుడూ రేడియోనే పెంచేదాన్ని. ఇప్పుడు నాకే వినబడకూడదని పెంచుతున్నాను. పాపను ఎత్తుకుపోతానన్న మాట మాత్రం ఎంత పెంచినా వినబడింది."

"చెవులారా విన్నది చెప్పడం నేరం కాదు."

"వాడు నా కొడుకే, స్వాంత్యె. చెబితే మళ్లీ నాతో మాట్లాడడు."

అది నిజమేనని స్వాంత్యెకూ తెలుసు. ఇన్నాళ్లూ ఈ ఉచ్చులో తానొక్కతే ఇరుక్కున్నానని అనుకుంది. ఎదురుగా కూర్చున్న మనిషి తన కంటే ఎన్నో ఏళ్ల ముందు నుంచే అందులో ఉందని ఇప్పుడు తెలిసి, కళ్లలో నీళ్లు నిండాయి.

గుడ్రున్ లేచి వానకోటు అందుకుంది. ఒక చెయ్యి కోటులోకి దూరలేదు. స్వాంత్యె వెళ్లి కోటు పట్టుకుంది.

"లాయరు దగ్గరికి నువ్వూ రా," అంది గుడ్రున్. "ఒక్కదాన్నే అయితే సగం దారిలో వెనక్కి తిరిగేస్తాను."

స్వాంత్యె ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ వానలోకి దిగారు.