అమ్మమ్మ దగ్గర నేర్చిన తెలుగు

“కొంచెం జరుగు. బెంచీ అంతా నువ్వే కూర్చున్నావు.”

2003లో ఏలూరు బీఈడీ కాలేజీలో రూబీ నాతో అన్న మొదటి మాట అది. మావైపు కొత్తవాళ్లని నువ్వు అనరు. నాకు చుర్రుమంది.

“మనకి ఇదివరకు పరిచయం ఉందాండీ?”

“లేదే. నువ్వు నన్నెక్కడైనా చూశావా?”

పొగరనుకున్నాను. ప్రిన్సిపాల్ గారిని కూడా “నువ్వు చెప్పిన బుక్ దొరకలేదు సార్” అన్నప్పుడు అర్థమైంది, పొగరు కాదని.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిందట. నాన్నతో హిందీ, స్కూల్లో ఇంగ్లీషు. తెలుగు మాత్రం అమ్మమ్మతోనే.

“అమ్మమ్మ నన్ను నువ్వంటుంది, నేనూ అమ్మమ్మని నువ్వంటాను. ఇంకో మాట ఉందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది” అంది.

ఆ వానాకాలమంతా వరండాలో ఆమె నాకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పింది. నేను ఆమెకి మీరు అనడం నేర్పాను. ఒకరోజు వానకేసి చూస్తూ అడిగింది.

“మీరంటే ఇష్టం అనాలా, నువ్వంటే ఇష్టం అనాలా?”

“ఎవరితో?”

“ముందు చెప్పు.”

“నువ్వంటే” అన్నాను. ఆమెని నేను నువ్వనడం అదే మొదలు.

మా నాన్న యాకోబు కొల్లేటికోట చర్చిలో సంఘపెద్ద. అమ్మ కూడా ఆయన్ని మీరనే అంటుంది. చేపల చెరువుల్లో పనిచేసి నన్ను చదివించిన మనిషి. ఆయన వద్దంటే నేను పెళ్లి చేసుకోలేనని రూబీకి ముందే చెప్పాను.

అందుకే మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు భోజనాల దగ్గర పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడింది. “అవునండి.” “చిత్తమండి.” నాన్న తలెత్తలేదు.

ఇంతలో జోరున వాన. చెరువు గట్టు చూసొస్తానని నాన్న దగ్గుకుంటూ లేచారు.

“ఈ వానలో ఎక్కడికి? ఎలా దగ్గుతున్నావో చూడు. నువ్వు కూర్చో, మీ అబ్బాయి వెళ్తాడు” అంది రూబీ.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. రూబీ నాలుక్కరుచుకుంది. “మీరు... కూర్చోండి” అంది, కళ్లనిండా నీళ్లతో.

నాన్న గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి వచ్చారు.

“మా అమ్మ పోయాక నన్నిలా కసిరినవాళ్లు లేరమ్మా” అని పీట మీద కూర్చున్నారు. “ఇందాకటి నుంచీ ఎవరో ఆఫీసరమ్మ వచ్చిందనుకుంటున్నాను. ఇంకాస్త పులుసు వెయ్యి.”

తర్వాత నావైపు తిరిగారు.

“నిన్ను కాదుట్రా వెళ్లమంది? గట్టు చూసిరా. ఆదివారం పాస్టరు గారితో నేను మాట్లాడతాను.”

గొడుగు కూడా తీసుకోకుండా పరిగెత్తాను.