ఒక్క ఛాయ లేతగా

పొద్దున్నే బడికి తయారుచేస్తూ, "ఎడమ చెయ్యి చాపవే, చొక్కా తొడగాలి" అంది తల్లి. కూతురు చెయ్యి వెనక్కి దాచుకుంది. ఏడేళ్లకే అంత మొండితనం. తల్లి విసుగ్గా ఆ చెయ్యి పట్టి లాగింది. మణికట్టు పైన చర్మం లేచిపోయి రసి కారుతోంది.

"ఎవరు చేశారే ఇది?"

"నేనే. రబ్బరుతో చెరిపాను."

"చేతినా? ఎందుకు?"

పిల్ల చెయ్యి మళ్లీ వెనక్కి దాచుకుంది.

తల్లికి కోపం నెత్తికెక్కింది. కోపానికి ఎవరో ఒక మనిషి కావాలి కదా, వంటింట్లో అత్తగారు దొరికింది.

"రోజూ 'కాకిపిల్లా' అని పిలిచారుగా అత్తయ్యా. చూడండి, ఒళ్లు చెరుపుకుంది."

అత్తగారు చేతిలో గరిటె పక్కన పెట్టింది. "కాకిపిల్ల కాకికి ముద్దంటారు కదా, ముద్దుగానే అన్నానమ్మా. నన్నూ అలాగే పిలిచేవాళ్లు. నాకేం కాలేదనుకున్నా."

"నానమ్మను తిట్టకు," అంది పిల్ల గుమ్మంలోంచి. "నువ్విచ్చిన రంగే కలవలేదు."

రంగు పెన్సిళ్ల ఫ్యాక్టరీలో ఛాయలు కలపడం తల్లి పని. పిల్లలు బొమ్మల్లో తమ ఒంటిరంగే వేసుకోవాలని కొత్తగా చేసిన పెట్టెను మొన్న ఇంటికి తెచ్చింది. అందరి చేతుల పక్కనా పెన్సిళ్లు ఆనించి, ఎవరి రంగు వాళ్లకు తీసిచ్చింది. ఆమె కన్ను పొరపడదని ఫ్యాక్టరీలో పేరు. కూతురి దగ్గరికొచ్చేసరికి మాత్రం, తెలిసి తెలిసి ఒక ఛాయ లేతది తీసింది. పోనీలే, పిల్ల సంతోషిస్తుందనుకుంది.

"ఆ పెన్సిల్‌తో నా బొమ్మ వేసి, పక్కన చెయ్యి పెట్టి చూశా. చెయ్యే ఎక్కువ నల్లగా ఉంది. నువ్వు రంగు తప్పు చెప్పవుగా. అందుకే చెయ్యి చెరిపా."

అత్తగారి వైపు చూడటానికి తల్లికి మొహం చెల్లలేదు. పిల్ల ముందు కూలబడి, పెట్టెలోంచి సరైన పెన్సిల్ తీసి పుండు పక్కన పెట్టింది.

"ఇదీ నీ రంగు. అమ్మ అబద్ధం చెప్పింది తల్లీ. కావాలనే."

"నా రంగు నీకు నచ్చలేదా?"

అదేం కాదు అనబోయి తల్లి ఆగిపోయింది. ఇంకో అబద్ధం ఆడే ధైర్యం లేదు. "తప్పు నాది. నీ రంగుది కాదు," అంది.

అత్తగారు తడిబట్ట తెచ్చి పుండు తుడవసాగింది. ఒక చెయ్యి కోడలి భుజం మీద వేసింది. పిల్ల పెన్సిల్‌నీ చేతినీ మార్చి మార్చి చూసుకుంది.

"మానాక మళ్లీ ఇదే రంగు వస్తుందా అమ్మా?"

"ఇదే రావాలి," అని తల్లి భోరున ఏడ్చింది.