చోకాయ్ గదిలో ఎవరో ఉన్నారు

అమెరికాలోని రెడ్‌మండ్‌లో ఓ గేమ్ కంపెనీ ఉంది. అందులో రెండో అంతస్తు చివరి మీటింగ్ రూమ్ పేరు చోకాయ్. ఆ గదిలోకి పిలుపొచ్చినవాడు ఉద్యోగంతో తిరిగొచ్చిన దాఖలా లేదట. పిలుస్తారు, తలుపేస్తారు… అంతే!

వాళ్ళు తయారుచేసేది నౌకాయుద్ధాల గేమ్ కదా, గదులన్నిటికీ ఓడల పేర్లే. చోకాయ్ అంటే రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ వాళ్ళ హెవీ క్రూజర్, పెద్ద యుద్ధనౌక. నలభై రెండులో బంగాళాఖాతంలోకి దండుని నడిపించుకొచ్చింది. ఆ దండు విమానాలే కాకినాడ మీదా, విశాఖ మీదా బాంబులేశాయి. సావో దీవి దగ్గర ఒక్క రాత్రిలో నాలుగు శత్రు క్రూజర్లని ముంచిన జట్టుకీ ఇదే పెద్ద. చివరికి నలభై నాలుగులో ఫిలిప్పీన్స్ దగ్గర తనూ మునిగింది. అయినా కసి తీరక తెలుగువాళ్ళని వెతుక్కుంటూ అమెరికా వచ్చిందని ఆ ఆఫీసులో మనవాళ్ళు తేల్చేశారు. ఆ గదిని ఒక్కడు బుక్ చేస్తే ఒట్టు!

శశికాంత్‌ది కాకినాడే. గేమ్‌లో ఆ ఓడని కోడ్ చేసిందీ అతనే. లేఆఫ్‌లంటూ గుసగుసలు మొదలయ్యాక నిద్ర కరువైంది. ఉద్యోగం పోతే హెచ్‌వన్ వీసాకి అరవై రోజులే గడువు, ఆ తర్వాత పెట్టే బేడా సర్దుకోవడమే. అందుకని ఓ డిసెంబరు సాయంత్రం, అందరూ వెళ్ళాక, గదికి దిష్టి తీద్దామని నిమ్మకాయతో బయల్దేరాడు. కర్పూరం వెలిగిస్తే ఫైరింజన్ వస్తుందని మానేశాడు, మహానుభావుడు.

తలుపు తోశాడు… చీకటి. కుర్చీలో ఎవరో ఆడమనిషి. జుట్టు విరబోసుకుని… కదలదు, మెదలదు.

"ఎ… ఎవరు?"

"తలుపు… వెయ్యండి…"

దెయ్యమైనా 'అండీ' అంది! అతని పైప్రాణాలు పైనే పోయాయి. లోపలికి ఓ అడుగు వేసేసరికి గప్పున లైటు వెలిగింది. చూస్తే హెచ్‌ఆర్ శ్రీవిద్య. ఎవరూ కదలకపోతే ఆ లైటు దానంతటదే ఆరిపోతుందిట.

"హమ్మయ్య! చోకాయ్ దెయ్యం అనుకున్నానండీ!"

శ్రీవిద్య నవ్వింది. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఉద్యోగం తీసేశామని చెప్పడానికి ఖాళీ గది కావాలి. మనవాళ్ళు దడిసి దీన్ని ముట్టుకోరు. బిల్డింగ్‌లో ఎప్పుడడిగినా దొరికేది ఇదొక్కటే!"

ఇన్నాళ్ళూ ఆ గదిని ఖాళీ చేసి అప్పజెప్పింది తామేనన్నమాట! శశికాంత్ పడీ పడీ నవ్వాడు. "మరి ఇప్పుడు ఎవరికోసమండీ?"

"మా బాస్ కోసం. ఇవాళ నన్ను తీసేస్తున్నారు."

శశికాంత్‌కి పాపం అనిపించింది. ఆ వేటు తన మీద పడనందుకు లోలోపల సంతోషం కూడా వేసింది, దాచడమెందుకు.

శ్రీవిద్య గొంతు తగ్గించింది. "నేను చెప్పకూడదు… అయినా ఇంక నన్నేం చేస్తారు లెండి? మీకు రేపు పొద్దున్న పిలుపొస్తుంది, శశికాంత్‌గారూ… ఈ గదికే."