ఏవండీ అంటే ఎవర్ని

అయినా ‘ఏవండీ’ అనడంలో ఏముంది, రాజమండ్రిలో అరటిపళ్ల బండాయన్ని పిలిచినా ఏవండీయే, బస్సులో కాస్త జరగమని అడిగినా ఏవండీయే. నాన్నని అమ్మ పిలిచేదీ అదే. జయపాల్‌కి చిక్కంతా ఆ చివరిదాని దగ్గరే వచ్చింది.

పొద్దున్న ఆఫీసులో రూబీ కంప్యూటర్ తెర మీంచి చూపు తీయకుండా, “ఏవండీ, ఇది కాస్త చూడండి,” అంది. ఇన్నాళ్లూ ‘జయపాల్ గారూ’ తప్ప మరో పిలుపు లేదు. అనేశాక నాలిక్కరుచుకుంది. అతను చూశాడు. చూడనట్టు కీబోర్డు తుడిచాడు. అప్పట్నించీ ఆ ఒక్క మాటనే నెమరేస్తున్నాడు.

బడిపిల్లలు తెలుగు మాటలతో ప్రోగ్రాములు రాసుకోవడానికి ఆ ఆఫీసులో వాళ్లిద్దరూ ఒక చిన్న భాష తయారుచేస్తున్నారు. అందులో ప్రతి పేరు వెనకా అంకె ఉందో, మాట ఉందో కనిపెట్టి చూసేది టైప్ చెకర్. ఒకే పేరు బయట అంకె కావచ్చు, లోపలి భాగంలో మాట కావచ్చు. ఆ భాగాన్ని పుస్తకాలు స్కోప్ అంటాయి. వీళ్లిద్దరూ గది అంటారు.

మధ్యాహ్నం రూబీ మళ్లీ తెర చూపించింది.

“లోపలి గదిలో ‘ధర’ అంటే మాట. బయట అంకె. గది దాటి వచ్చేశాక కూడా మీ చెకర్ మాటనే పట్టుక్కూర్చుందండి.”

“గది మూయడం మర్చిపోయానండి.”

“మీరు? లోపలిది బయటికి రానిచ్చారా? నేన్నమ్మను.”

“అంటే ఏంటండి?”

“ఏం లేదండి. ఆ ఒక్క లైనూ రాయండి.”

రాశాడు. గది మూతపడగానే లోపలి పేర్లన్నీ చెరిగిపోయాయి. టెస్టులన్నీ పాసయ్యాయి. రూబీ చప్పట్లు కొట్టింది. జయపాల్ మాత్రం గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. సోమవారం నుంచి ఆమె తణుకులో లెక్చరరు. ఇవాళే ఇక్కడ ఆఖరి రోజు. ఈ గది కూడా మూతపడితే తను ఆమెకి ఏమవుతాడు? మనసులో ఆమెని ఎన్ని పేర్లతోనో పిలిచాడు. పెదాల దాకా వచ్చేసరికి ప్రతిదీ ‘రూబీ గారు’ అయిపోయేది.

“లోపలి పేరు బయట కూడా ఉండాలంటే?” అన్నాడు, వినపడీ వినపడకుండా.

“చెకర్ రాసింది మీరు, నన్నడుగుతారేంటండి? బయటే ప్రకటించాలి. లోపల కూర్చుని నసిగితే ఎలా?”

ఆమె నవ్వలేదు. అదే అతన్ని భయపెట్టింది.

సాయంత్రం వాన పట్టుకుంది. బస్టాండు దాకా ఇద్దరికీ ఒకటే గొడుగు. దారంతా జయపాల్ తణుకు కాలేజీ గురించీ, బస్సుల టైముల గురించీ మాట్లాడాడు. తన గొంతు తనకే కండక్టరు గొంతులా వినిపించింది. గొడుగు ఆమె వైపే వంచడంతో అతని ఎడమ భుజం తడిసి ముద్దయింది.

“వస్తానండి, జయపాల్ గారూ,” అని రూబీ రావులపాలెం మీదుగా తణుకు వెళ్లే బస్సెక్కింది.

జయపాల్ గారూ. అంటే పొద్దున్నది పొరపాటే. ఊరట కలగాలి కదా, ఎందుకు కలగలేదు? పొరపాటు కాదని తేలితే ఏం చేసేవాడు, మళ్లీ కీబోర్డు తుడిచేవాడేగా.

ఇంజను మోగింది. కిటికీ అద్దం పక్కకి జరిగింది.

“ఏవండీ.”

బస్టాండులో నలుగురు మగవాళ్లు తలలు తిప్పారు. వేరుశనక్కాయలు తింటున్న పెద్దాయన ముందుకొచ్చి, “చెప్పమ్మా,” అన్నాడు.

“మిమ్మల్ని కాదండి.”

“మరెవర్నమ్మా?”

రూబీ జయపాల్ వైపు చూస్తూ ఉండిపోయింది. ఈసారి నాలిక కరుచుకోలేదు.

ఇది ఆఫీసు కాదు. వాన, బస్సు, తలలు తిప్పిన ఊరు. ఇంతకన్నా బయట ఇంకేముంటుంది?

జయపాల్ గొడుగు దించి, బడిలో హాజరు పలికే పిల్లాడిలా చెయ్యెత్తాడు.

“నన్నేనండి,” అన్నాడు పెద్దాయనతో.